మా ఇంట్లో ఉన్నది ఉల్కాశిలేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రాళ్ల గురించే. పోయిన సంచికలో ఉల్కాశిలల బొమ్మలు వేశారు కదా, అవి చూసి పాఠకులు బీరువాలన్నీ వెతికినట్టున్నారు. నేను ఒక విశ్వవిద్యాలయ విజ్ఞాన కేంద్రంలో ఉల్కాశిలల భాండాగారం చూసుకుంటాను. జనం తెచ్చే రాళ్లను కౌంటర్లో కూర్చుని పరీక్షించడం కూడా నా పనే కాబట్టి సంపాదకులు ఆ ఉత్తరాలన్నీ నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఫొటోలు జతచేసిన వాళ్లకు ముందుగా ఒక మాట: రాయిని వేళ్ల మధ్య పట్టుకుని తీయకండి. చాలా ఫొటోల్లో రాయి కన్నా గోరే స్పష్టంగా కనిపిస్తోంది.

ప్రశ్న: మా తాతగారి కాలం నుంచి ఇంట్లో ఒక నల్లటి రాయి ఉంది. అరచేతిలో పట్టేంతే, ఎత్తితే మాత్రం బాగా బరువు. అయస్కాంతం అంటుకుంటుంది. పొలంలో దొరికిందని, ఆకాశం నుంచి పడిందని తాతగారు చెప్పేవారు. నిజమేనా మేడమ్? ఫొటో పంపుతున్నాను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నాన్చకుండా చెప్పేస్తాను. మీ ఫొటోలో రాయి విరిగిన వైపు సన్నటి బుడగల రంధ్రాలు కనిపిస్తున్నాయి. అది ఇనుప చిట్టెం కావచ్చని నా అనుమానం. ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే మడ్డి గడ్డకడితే అలాగే ఉంటుంది. ఉల్కాశిలల్లో ఇలాంటి బుడగలు ఉండటం చాలా అరుదు.

బరువు, అయస్కాంతం రెండూ ఉల్కాశిల లక్షణాలే. కాకపోతే మాగ్నెటైట్ అనే మామూలు ఇనుప ఖనిజానికీ అవి ఉంటాయి, లోపల ఇనుప ముక్కలు ఇరుక్కున్న చిట్టేనికీ ఉంటాయి. అందుకని అయస్కాంతం అంటుకోగానే సంబరపడకూడదు. అసలు అంటుకోకపోతే మాత్రం చాలావరకు ఆశ వదులుకోవచ్చు.

ఇంట్లోనే చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. ఒక టైల్ తీసుకుని వెనక్కి తిప్పండి. మెరుపు పూత లేని ఆ వైపు మీద రాయితో గట్టిగా గీయండి. ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో గీత పడితే అది హెమటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం. నల్లటి గీత పడితే మాగ్నెటైట్. పెద్దగా తుప్పు పట్టని ఉల్కాశిలతో గీస్తే గీత దాదాపు పడనే పడదు. ఇక రెండోది, రాయి ఒక మూలను ఆకురాయితో గోరంత మేర అరగదీయండి. లోపల బూడిద రంగులో ఉండి, మధ్యమధ్య వెండిలా మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే ఇంకేమీ చేయకుండా నాకు రాయండి. ఆ చుక్కలు నికెల్ కలిసిన ఇనుము. భూమి మీద సహజంగా దొరికే రాళ్లలో అది ఉండటం చాలా అరుదు.

పైపొర కూడా చూడాలి. కొత్తగా పడిన రాయికి నల్లటి, మెరుపు లేని పొర ఒకటి ఉంటుంది. మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఎక్కడైనా పెచ్చు లేస్తే లోపలి లేత రంగు బయటపడుతుంది. మీ రాయి లోపలా బయటా ఒకే నలుపు.

మా కౌంటరు దగ్గరికి వచ్చే రాళ్లలో నూటికి ఒక్కటి కూడా ఉల్కాశిల కాదు. "కాదండీ" అని చెప్పడమే ఈ ఉద్యోగంలో కష్టమైన పని. ఎదుటి మనిషి తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రాయిని మనం అర నిమిషంలో తేల్చేస్తాం. అందుకే కాదని చెప్పి ఊరుకోను, అదేమిటో కూడా చెప్పి పంపుతాను. మీ రాయి చిట్టెమే అని తేలితే, మీ పొలం పరిసరాల్లో ఎప్పుడో ఎవరో కొలిమి పెట్టి ఇనుము కరిగించి ఉండాలి. అలాంటి ముక్కలు అక్కడ ఇంకా ఉంటే చరిత్ర శాఖలో ఎవరికైనా చూపించండి. వాళ్లకు అది నా ఉల్కాశిలలంత విలువైన సంగతి.

ప్రశ్న: మండుతూ వచ్చిన రాయి పడితే గడ్డికి నిప్పంటుకోదా? సినిమాల్లో గుంటలోంచి పొగలు వస్తుంటాయి కదా.
– ఇంటర్ విద్యార్థి

జవాబు: సినిమాకు పొగ కావాలి, రాయికి అక్కర్లేదు. అది వాతావరణంలోకి వచ్చేటప్పటి వేగం సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్లు. ఆ వేగానికి ముందున్న గాలి అణిగి భగ్గున వేడెక్కుతుంది. రాయి పైపొర కరుగుతుంది, కరిగింది కరిగినట్టే ఎగిరిపోతుంది. కొన్ని సెకన్ల వ్యవహారం కాబట్టి వేడి లోపలికి పాకే లోపే అంతా అయిపోతుంది. 20 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి చిన్న రాయి వేగం చచ్చిపోయి వెలుగు ఆరిపోతుంది. అక్కడి నుంచి కొన్ని నిమిషాలపాటు చల్లటి గాలిలో మామూలు రాయిలాగే పడుతుంది. గంటకు కొన్ని వందల కిలోమీటర్ల వేగం, అంతే. పడగానే ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండొచ్చు, చల్లగానూ ఉండొచ్చు.

గుంట విషయానికొస్తే, నమీబియాలో 60 టన్నుల హోబా ఉల్కాశిల నేల మీద ఉంది, చుట్టూ బిలం జాడే లేదు. అరిజోనాలో 1.2 కిలోమీటర్ల వెడల్పు బిలం పడటానికి సుమారు 50 మీటర్ల ఇనుప ముద్ద రావాల్సి వచ్చింది.

ప్రశ్న: మేడమ్, అంగారకుడి మీదికి ఎవరూ వెళ్లలేదు, అక్కడి నుంచి రాయి తేలేదు. మరి ఈ రాయి అంగారకుడి నుంచి వచ్చిందని ఎలా చెబుతారు?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: తల్లీ, ఈ సంచిక మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న నీదే. పెద్దవాళ్లు అంగారకుడి రాయి అనగానే నోరు తెరిచి చూస్తారు గానీ ఎలా తెలుసని అడగరు.

1865 ఆగస్టు 25న బిహార్‌లోని షేర్‌ఘాటీ దగ్గర సుమారు 5 కిలోల రాయి పడింది. శాస్త్ర గ్రంథాల్లో దాని పేరు షెర్గొట్టీ. అది మిగతా ఉల్కాశిలల్లా లేదు, అగ్నిపర్వతం లావా చల్లారితే ఏర్పడే రాయిలా ఉంది. వందేళ్ల తర్వాత వయసు లెక్కగడితే చిక్కు ఇంకా పెరిగింది. ఉల్కాశిలల్లో చాలావరకు గ్రహశకలాల ముక్కలు, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాతి ముద్దల తునకలు. గ్రహశకలాలు చిన్నవి కాబట్టి సౌరకుటుంబం పుట్టిన కొత్తలోనే, అంటే సుమారు 450 కోట్ల ఏళ్ల కిందటే చల్లారిపోయాయి. షెర్గొట్టీ వయసు చూస్తే 20 కోట్ల ఏళ్లు కూడా లేదు. అంత ఇటీవలి దాకా లావా పారాలంటే లోపల వేడి నిలుపుకోగల పెద్ద గ్రహమే కావాలి. అంగారకుడి మీద అనుమానం అలా మొదలైంది.

అయితే అనుమానం రుజువు కాదు కదా. 1976లో నాసా పంపిన వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి అక్కడి గాలిలో ఏ వాయువు ఎంత ఉందో కొలిచాయి. ఆ తర్వాత అంటార్కిటికాలో షెర్గొట్టీ జాతి రాయి ఒకటి దొరికింది. ఏదో పెద్ద దెబ్బకు దాని లోపల కొంత భాగం కరిగి గాజులా గడ్డకట్టింది. ఆ గాజులో వాయువు చిక్కుకుని ఉంది. 1983లో దాన్ని కొలిచి చూస్తే ఆర్గాన్ వంటి వాయువుల పాళ్లు వైకింగ్ అంకెలతో సరిపోయాయి. భూమి గాలితో సరిపోలేదు. అంగారకుడి మీద ఏదో వచ్చి గుద్దినప్పుడు ఈ రాయి పైకి లేచింది, అక్కడి గాలిని కాస్త లోపల దాచుకుని మన దాకా వచ్చింది.

చంద్రుడి రాళ్లతో ఇంత తంటా లేదు. అపోలో యాత్రికులు తెచ్చిన 382 కిలోల రాళ్లూ మట్టీ ఉన్నాయి. పక్కన పెట్టి పోల్చుకోవడమే.

ప్రశ్న: రాళ్లను అద్దాల పెట్టెల్లో పెట్టి, పిల్లలను పిలిచి చూపించి, ఉపన్యాసాలిస్తే ఎవరికి ఒరిగేదేమిటి? శాస్త్రవేత్తలు ల్యాబుల్లో వాళ్ల పని వాళ్లు చేసుకుంటే చాలదా? అదంతా ప్రజల డబ్బే కదా.
– ఒక పాఠకుడు

జవాబు: నిష్ఠూరంగా అడిగినా న్యాయమైన ప్రశ్నే. ల్యాబులో కూర్చుంటే మా దగ్గరికి రాళ్లు రావు సార్, అసలు సంగతి అది. ఉల్కాశిల ఎవరి పొలంలోనో, ఎవరి వాకిట్లోనో పడుతుంది. దాన్ని గుర్తుపట్టాల్సింది అక్కడున్న మనిషే.

అమెరికాలోని కాన్సస్‌లో ఎలైజా కింబర్లీ అనే రైతు భార్య ఉండేది. 1880ల్లో వాళ్ల పొలంలో నాగలికి నల్లటి బరువు రాళ్లు తగులుతుండేవి. ఆ చుట్టుపక్కల రాళ్లే లేని నేల. ఊళ్లోవాళ్లు వాటిని గడ్డివాముల మీద, పీపాల మూతల మీద బరువు కోసం పెట్టుకునేవాళ్లు. చిన్నతనంలో ఒక ఉల్కాశిలను చూసిన ఎలైజాకు ఇవీ అవేనని అనిపించింది. ఇరుగుపొరుగు నవ్వినా రాళ్లన్నీ పోగు చేసి, కాలేజీల్లో ఉన్న శాస్త్రజ్ఞులకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది. చివరికి 1890లో వాష్‌బర్న్ కాలేజీ ప్రొఫెసర్ ఒకరు వచ్చి చూశారు. ఆమె చెప్పిందే నిజమైంది. ఇనుములో ఆలివిన్ అనే ఆకుపచ్చటి ఖనిజం స్ఫటికాలు పొదిగినట్టుండే అరుదైన రకం అవి. బ్రెన్‌హామ్ ఉల్కాశిలలుగా ఈ రోజు ప్రపంచంలోని ఎన్నో మ్యూజియాల్లో ఉన్నాయి. చిన్నప్పుడు ఆమెకు ఎవరూ ఒక రాయి చూపించకపోయి ఉంటే అవి పీపాల మీదే ఉండిపోయేవి.

అదే రాష్ట్రంలో హార్వీ నినింగర్ అనే జీవశాస్త్ర అధ్యాపకుడు 1923లో ఒక అగ్నిగోళాన్ని, అంటే ఆకాశంలో మండుతూ దూసుకుపోయే పెద్ద ఉల్కను చూశాడు. చూసింది మొదలు పట్టు వదల్లేదు. ఊరూరా తిరిగి బడుల్లో, రైతుల ముందు మాట్లాడుతూ, ఒక నమూనా చేతికిచ్చి "ఇలాంటిది దొరికితే నాకు చెప్పండి" అనేవాడు. ఆయన కూడబెట్టిన రాళ్లలో పెద్ద భాగాన్ని 1960లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కొన్నది. ఆ మరుసటి ఏడు అక్కడ ఉల్కాశిలల అధ్యయన కేంద్రం మొదలైంది. విశ్వవిద్యాలయాల దగ్గరున్న సేకరణల్లో ఇప్పుడు అదే అతి పెద్దది. అంటే పరిశోధన కేంద్రం కన్నా ముందే జనంతో మాట్లాడటం మొదలైంది.

పాతకాలపు కథలు అంటారేమో. 2008 అక్టోబరులో నాలుగు మీటర్ల గ్రహశకలం ఒకటి భూమికి తగలబోతోందని ఒక రోజు ముందే కనిపెట్టారు. అలా ముందుగా తెలియడం అదే తొలిసారి. అది సూడాన్ ఎడారి మీద ముక్కలైంది. ఖార్తూమ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మువావియా షద్దాద్ విద్యార్థులను తీసుకెళ్లి ఎడారిలో వరస కట్టి నడిపించారు. దొరికిన ముక్కలు సుమారు 600. 2021 ఫిబ్రవరి 28న ఇంగ్లండ్‌లోని వించ్‌కూమ్‌లో కర్బన పదార్థాలుండే అరుదైన జాతి రాయి ఒక ఇంటి ముందు పడింది. ఆ ఇంటివాళ్లు తెల్లారేసరికి దాన్ని చేతులకు తొడుగులు వేసుకుని సంచుల్లోకి ఎత్తారు. ఆ రాత్రి వాన పడి ఉంటే, లేదా వాళ్లు ఏదో బొగ్గు పొడి అనుకుని చీపురు పట్టి ఉంటే కథ అక్కడితో సరి.

ఇక డబ్బు సంగతి. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త భూమి వయసు తేల్చడానికి అరిజోనా బిలం దగ్గర దొరికిన ఇనుప ఉల్కాశిలలోని సీసాన్ని కొలవాలనుకున్నారు. ఎంత శుభ్రంగా కొలిచినా బయటి సీసం వచ్చి కలుస్తోంది. ఆ బెడద వదిలించుకునే ప్రయత్నంలో ధూళి చొరబడని ల్యాబు కట్టుకున్నారు. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని ప్రచురించారు. అక్కడితో ఆగలేదు. ఆ బయటి సీసం ఎక్కడిదని వెతుకుతూ పోతే పెట్రోల్లో కలిపే సీసం ప్రధాన కారణమని తేలింది. దాన్ని ఆపించడానికి ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. ఈ రోజు బంకు మీద "అన్‌లెడెడ్" అని రాసి ఉంటే అందులో ఒక ఉల్కాశిల పాత్ర కూడా ఉంది.

అద్దాల పెట్టెల గురించి మాత్రం మీతో సగం ఏకీభవిస్తాను. గోడంత తెరల మీద పేలుళ్లు చూపించే ప్రదర్శనలంటే నాకూ చిరాకే. పిల్లలు రెండు నిమిషాలు చూసి పక్కకు పోతారు. మా దగ్గర ముట్టుకునే బల్ల ఒకటి ఉంది. దాని మీద అర్జెంటీనాలోని కాంపో దెల్ సియెలోలో దొరికిన ఇనుప ఉల్కాశిల ముక్క పెట్టాం, చూడటానికి చిన్నది. పిల్లవాడు ఒక చేత్తో తీయబోతాడు, అది కదలదు. రెండో చెయ్యి వేస్తాడు. అప్పుడు తలెత్తి మన ముఖం వైపు చూస్తాడు, ప్రశ్నలు అక్కడి నుంచి మొదలవుతాయి. దానికి కరెంటు ఖర్చు కూడా లేదు.

ప్రశ్న: రాత్రి పూట పెద్ద వెలుగుతో ఏదో పడుతున్నట్టు కనిపిస్తే ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: మొదట కిటికీ దగ్గర నుంచి పక్కకు రండమ్మా. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల శకలం పేలింది. ఆ వెలుగు చూసి జనం అద్దాల దగ్గరికి పరుగెత్తారు. ధ్వని తరంగం వచ్చేసరికి నిమిషానికి పైగా పట్టింది, అది వచ్చి అద్దాలు బద్దలు కొట్టింది. సుమారు 1500 మంది గాయపడ్డారు, ఎక్కువ మందికి గాజు పెంకుల వల్లే.

తర్వాత కాగితం తీసుకోండి. సమయం ఎంత, మీరు ఎక్కడ నిలబడ్డారు, ఏ చెట్టు పక్కన లేదా ఏ మేడ మీదుగా మొదలై ఎటు వైపు ఆరిపోయింది, శబ్దం వినిపిస్తే వెలుగు తర్వాత ఎంతసేపటికి వినిపించింది. ఇంటి బయట సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డు చెరిగిపోకుండా దాచండి. వేర్వేరు చోట్ల నుంచి తీసిన రెండు మూడు వీడియోలు ఉంటే రాయి సూర్యుడి చుట్టూ ఏ దారిలో తిరిగి వచ్చిందో కూడా లెక్క కట్టవచ్చు. "మా ఇంటి వెనకే పడింది" అని దాదాపు అందరూ అంటారు. అది వంద కిలోమీటర్ల అవతల పడి ఉండొచ్చు. అంత ఎత్తున ఉన్న వెలుగు దూరాన్ని కంటితో అంచనా కట్టలేం.

నిజంగా రాయి దొరికితే, ఎత్తకముందే ఫొటో తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టి. ఫోన్లో జీపీఎస్ అంకెలు రాసుకోండి. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, కడగవద్దు. శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలోనో వంటకు వాడే అల్యూమినియం రేకులోనో చుట్టండి. 2000 జనవరిలో కెనడాలోని టాగిష్ సరస్సు మంచు మీద ముక్కలు పడితే జిమ్ బ్రూక్ అనే స్థానికుడు వాటిని చేత్తో తాకకుండా సంచుల్లో వేసి, కరగనివ్వకుండా గడ్డకట్టిన స్థితిలోనే భద్రపరిచాడు. అందుకే అవి ఇప్పటికీ పరిశోధకులకు అపురూపం.

ఇంకొకటి. పైన మాస్టారుకు అయస్కాంతం గురించి చెప్పాను కదా, ఎన్నో ఏళ్లుగా ఇంట్లో ఉన్న రాయికి ఫర్వాలేదు. కొత్తగా పడిన దానికి బలమైన అయస్కాంతం తాకించవద్దు. 'బ్లాక్ బ్యూటీ' అని ముద్దుగా పిలిచే రాయి ఒకటుంది, జాబితాలో దాని పేరు ఎన్‌డబ్ల్యూఏ 7034. అది అంగారకుడి రాయి. సహారాలో దొరికింది, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో పరిశోధించారు. అందులో 440 కోట్ల ఏళ్ల నాటి స్ఫటికాలు ఉన్నాయి. అంగారకుడికి ఒకప్పుడు అయస్కాంత క్షేత్రం ఉండేది, దాని ముద్ర ఆ రాయిలో నిలిచి ఉండాలి. దొరికినవాళ్లూ అమ్మినవాళ్లూ అయస్కాంతాలతో తాకి తాకి ఆ ముద్రను చెరిపేశారు. తలచుకుంటే ఇప్పటికీ ఉసూరుమంటుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఉల్కాశిల లాకెట్ కొన్నాను. మీద అడ్డదిడ్డంగా గీతలున్నాయి. అసలుదేనా?
– ఒక ఉద్యోగిని

జవాబు: ఆ గీతలు పట్టీల్లా ఒకదాన్నొకటి నిర్దిష్టమైన కోణాల్లో కోసుకుంటూ, లాకెట్ అంచు దాకా లోపలికి కొనసాగితే అసలుది కావచ్చు. వాటిని విడ్మన్‌స్టేటన్ గీతలంటారు. ఇనుప ముద్దను కోసి, నునుపు చేసి, పలచటి ఆమ్లంలో ముంచితే బయటపడతాయి. నికెల్ ఎక్కువగా, తక్కువగా ఉన్న రెండు రకాల ఇనుప స్ఫటికాలు విడివడి పెరగడం వల్ల వచ్చేవి. అందుకు ఆ ముద్ద పది లక్షల ఏళ్లకు కొన్ని పదుల నుంచి కొన్ని వేల డిగ్రీల చొప్పున నిదానంగా చల్లారాలి. కొలిమిలో అది కుదరని పని. అందుకే లేజరుతో పైపైన గీసి అమ్ముతుంటారు. అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడండి, గీత పైనే ఆగిపోతే నకిలీ.

అసలుదైతే చెమటకు తుప్పు పడుతుంది, స్నానానికి ముందు తీసేయండి. ఆకాశపు ఇనుము మీద మోజు మాత్రం కొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలోని బాకు ఉల్కాశిల ఇనుమేనని 2016లో ఎక్స్‌రే పరీక్షతో తేల్చారు. 1621లో జలంధర్ దగ్గర పడిన ఇనుముతో జహంగీర్ కత్తులు, బాకు చేయించుకున్నాడు. అందులో ఒకటి వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది.

ప్రశ్న: ఇలాంటి రాయి ఇంట్లో ఉంటే రేడియేషన్ ప్రమాదం ఉందా? మా ఆవిడ టెన్షన్ పడుతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: లేదు. మామూలు రాయికి ఉన్నంతే. కాలి మీద పడకుండా చూసుకోమనండి.

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చదువుతున్నాను. ఉల్కాశిలల పరిశోధన అంటే రోజూ ఏం చేస్తారు?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: చాలాభాగం ఓపికగా రుద్దడమే. రాయిలోంచి పలచటి పలక కోసి, గాజు మీద అతికించి, అరగదీస్తూ పోతాం, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా. కాస్త ఎక్కువ రుద్దితే కరిగిపోయినట్టు మాయమవుతుంది, తక్కువైతే రంగులు తప్పుగా కనిపిస్తాయి. అంత పలచనయ్యాక రాయి లోంచి వెలుతురు దూరుతుంది. దాన్ని పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టి రెండో ఫిల్టరు అడ్డం తోస్తే, అప్పటిదాకా బూడిద రంగులో ఉన్నది ఒక్కసారిగా నీలం, పసుపు, గులాబీ రంగుల్లోకి మారుతుంది. మధ్యలో గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి. కాండ్రూల్స్ అంటారు వాటిని. గ్రహాలు ఏర్పడక ముందు సూర్యుడి చుట్టూ ఉన్న ధూళి కరిగి బిందువులుగా గడ్డకట్టినవి. మైక్రోస్కోపులో పలకను పెట్టే గుండ్రటి బల్లను నెమ్మదిగా తిప్పితే వాటిలోని చారలు ఒకటొకటిగా ఆరి మళ్లీ వెలుగుతాయి. ఎన్నాళ్లుగా చూస్తున్నా నేను ఆ బల్లను అవసరం కన్నా ఒక చుట్టు ఎక్కువే తిప్పుతాను.

ఆ తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌తో, అంటే ఎలక్ట్రాన్ల పుంజంతో ఖనిజంలో ఏ మూలకం ఎంతుందో చెప్పే యంత్రంతో, ఆలివిన్‌లో ఇనుము పాళ్లు కొలుస్తాం. దాన్ని బట్టి రాయి ఏ వర్గానిదో తెలుస్తుంది. కొత్త రాయికి అధికారికంగా పేరు రావాలంటే ఉల్కాశిలల పరిశోధకుల అంతర్జాతీయ సంస్థ మీటియోరిటికల్ సొసైటీ వారి నామకరణ సంఘం ఆమోదించాలి. గుర్తింపు పొందిన ఏదో ఒక సంస్థలో 20 గ్రాములు, లేదా రాయి బరువులో 20 శాతం, రెంటిలో ఏది తక్కువైతే అంత, శాశ్వతంగా దాచాలి. రేపు ఇంకా మంచి యంత్రం వచ్చినప్పుడు మళ్లీ చూసుకోవడానికి ఏదో మిగలాలి కదా.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది ఖనిజశాస్త్రం శ్రద్ధగా చదవడం, మీ కాలేజీలో ఉన్న థిన్ సెక్షన్లన్నీ, అంటే పైన చెప్పినట్టు గాజు మీద అతికించిన రాతి పలకలన్నీ చూడటం. భూమి రాళ్లు బాగా తెలియనివాడు ఆకాశపు రాయిని గుర్తుపట్టలేడు బాబూ. కెమిస్ట్రీని వదిలేయకు.

ప్రశ్న: మా బడి పిల్లలతో సైన్స్ ప్రాజెక్టుగా మేడ మీద అంతరిక్ష ధూళి వెతికించవచ్చా? అది సాధ్యమేనా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: సాధ్యమేనండీ. అయితే అంచనాలు కొంచెం తగ్గించుకుని మొదలుపెట్టండి. పట్టణాల్లో అది కుదరదని చాలాకాలం అనుకున్నారు. నార్వేకు చెందిన జాజ్ సంగీతకారుడు యోన్ లార్సెన్ అది తప్పని చూపించాడు. ఓస్లో, పారిస్, బెర్లిన్ నగరాల్లో కప్పుల మీద, నీటి తూముల్లో పేరుకున్న మడ్డి సుమారు 300 కిలోలు వెతికితే 500 సూక్ష్మ ఉల్కాశిలలు దొరికాయి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త మాథ్యూ జెంజ్ వాటిని పరీక్షించారు, 2017లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. సంగీతం తెలిసిన మనిషికి ఇంత ఓపిక ఉంటుందని నేను అనుకోలేదు.

ఏడాదికి చదరపు మీటరుకు సుమారు ఒక రేణువు పడుతుందని అంచనా, అది కూడా మిల్లీమీటరులో పదో వంతు సైజుది. కాబట్టి విశాలమైన, చాలాకాలంగా ఊడ్వని మేడ కావాలి. నీళ్లు పోయే తూము దగ్గర పేరుకున్న మట్టి తీయించండి. డిటర్జెంటు నీళ్లలో కడిగి, తేలే చెత్త పారబోసి, అడుగున మిగిలింది ఆరబెట్టండి. అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాని మీద తిప్పండి, లేకపోతే అంటుకున్న పొడి మళ్లీ ఊడి రాదు. సన్నటి జల్లెడ పట్టి, మిగిలింది మైక్రోస్కోపు కింద పోయండి.

గుండ్రటి గోళీలు చాలానే కనిపిస్తాయి, పిల్లలు కేకలు పెడతారు. వాటిలో ఎక్కువ భాగం వెల్డింగ్ రవ్వలు, బాణసంచా మిగుళ్లు, బండ్ల బ్రేకుల నుంచి రాలినవి. నున్నగా అద్దంలా మెరిసేదాన్ని పక్కన పెట్టేయమనండి. పైన ఈకల్లాంటి, పట్టీల్లాంటి స్ఫటికాల గీతలుండి, ఒక చోట లోహపు చుక్క బయటకు పొడుచుకొచ్చినట్టున్న దాని మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఒక్కో రేణువుకు పిల్లలు తలా ఒక కాగితం మీద బొమ్మ వేసి, అది ఏమిటని ఎందుకు అనుకుంటున్నారో రాయాలని నియమం పెట్టండి. ఒక్కటీ దొరక్కపోయినా ఆ కాగితాలు ప్రాజెక్టుకు సరిపోతాయి.

తడి మేడ జారుతుంది. పిట్టగోడ లేని మేడ ఎక్కించకండి, హెడ్మాస్టరు గారి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.